ఫ్రీజర్లో యీస్ట్ ప్రాణం నిలబెట్టడం ఎలా?

ఇంట్లో ఉన్నది ఇన్‌స్టంట్ డ్రై యీస్ట్ ప్యాకెట్ అయితే పెద్ద హడావిడేమీ అక్కర్లేదు. అందులో తేమ నూటికి 5 పాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి మంచు కట్టడానికి నీళ్లే ఉండవు. గాలి చొరబడని డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టేయండి. బయటికి తీసినప్పుడు మాత్రం డబ్బా గది వేడికి వచ్చాకే మూత తెరవాలి. తొందరపడి తెరిస్తే గాలిలోని తేమ చల్లటి పొడి మీద చెమ్మగా దిగుతుంది. పొడిని పాడుచేసేది ఆ చెమ్మే. తరచూ వాడేవారు కొంచెం చిన్న సీసాలోకి తీసుకుని ఫ్రిజ్‌లో ఉంచుకుంటే సరి. డ్రై యీస్ట్ సంగతి ఇంతటితో అయిపోయింది.

తడి యీస్ట్ అలా కాదు. బేకరీ సరుకులమ్మే చోట దిమ్మగా దొరికే ఫ్రెష్ యీస్ట్‌లో దాదాపు 70 శాతం నీళ్లే. ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఆగితే గొప్ప. మైక్రోబయాలజీ ప్రాజెక్టు కోసం తాటికల్లు నుంచో ఈతకల్లు నుంచో వేరుచేసిన యీస్ట్ అయితే మరీ జాగ్రత్తపడాలి. అది చచ్చిపోతే ఏ దుకాణంలోనూ దొరకదు. అలాంటి తడి యీస్ట్‌ను నెలల తరబడి దాచుకోవాలనుకునేవారి కోసమే కింద రాసినదంతా. ఇంట్లోనైనా కాలేజీ ల్యాబ్‌లోనైనా పద్ధతి ఒకటే. ఫ్రీజర్ ఎంత చల్లగా ఉంటుందన్న దగ్గరే తేడా.

కొత్తవాళ్లు దృష్టంతా ఫ్రీజర్ మీదే పెడతారు. నా లెక్కలో సగానికి పైగా పని ఫ్రీజర్ తలుపు తీయకముందే అయిపోవాలి. యీస్ట్ ఏ స్థితిలో ఉండగా గడ్డకట్టించామన్న దాన్ని బట్టే ఎన్ని కణాలు మిగులుతాయో చాలావరకు తేలిపోతుంది.

చంపేది ఏమిటి?

చలి ఒక్కటే అయితే యీస్ట్‌కు పెద్ద ప్రమాదం లేదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఏళ్లపాటు ఉన్న యీస్ట్ కూడా లేచి పిండిని పొంగిస్తుంది. ముప్పంతా ఆ చలిలోకి దిగే దారిలో, తిరిగి పైకి వచ్చే దారిలో ఉంది.

యీస్ట్ కణం 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది. చుట్టూ ఉన్న ద్రవం చల్లబడుతుంటే మంచు మొదట కణం బయటే కడుతుంది. మంచు గడ్డలోకి పోయేది నీళ్లు మాత్రమే. ఉప్పులు, చక్కెరలు మిగిలిన కాస్త నీళ్లలోనే ఇరుక్కుని చిక్కబడతాయి. ఆ చిక్కటి ద్రవం కణం లోపలి నీటిని బయటికి లాగుతుంది, మాగాయ కోసం ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టు. మరీ నిదానంగా చల్లబడితే ఈ లాగుడు చాలాసేపు సాగుతుంది. కణం కుంచించుకుపోతుంది, లోపలి ఉప్పుల గాఢత హద్దు దాటుతుంది. మరీ వేగంగా చల్లబడితే నీటికి బయటికి రావడానికి వ్యవధి దొరకదు. కణం లోపలే మంచు పలుకులు కట్టి పొరలను చీలుస్తాయి.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసిన పీటర్ మజూర్ 1972లో సహచరులతో కలిసి ఈ రెండు ప్రమాదాలనూ ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. అంతకుముందే ఆయన యీస్ట్ కణాల మీద చాలా పనిచేశాడు. ప్రతి రకం కణానికీ ఈ రెంటికీ మధ్య తనకు సరిపడే వేగం ఒకటి ఉంటుంది. ఎర్ర రక్తకణాలకు చాలా వేగంగా చల్లబడటం నప్పుతుంది. యీస్ట్‌కు నిమిషానికి కొద్ది డిగ్రీలు చాలు. ఈ లెక్క మనకు అనుకూలమే, ఎందుకంటే ఇంటి ఫ్రీజర్‌కు అంతకంటే వేగం చేతకాదు.

ముందు మేపాలి, తర్వాత పస్తుంచాలి

నురగ కక్కుతూ జోరుగా పులుస్తున్న యీస్ట్‌ను చూస్తే ఇదే బలమైనదని, దీన్నే దాచాలని అనిపిస్తుంది. దాచకూడనిది సరిగ్గా దాన్నే. చక్కెర తింటూ పెరిగే కణం తన శక్తినంతా పెరుగుదలకే ఖర్చు పెడుతుంది. ఆహారం అయిపోయి పెరుగుదల ఆగాక యీస్ట్ కష్టకాలానికి సిద్ధమవుతుంది. ట్రెహలోజ్ అనే చక్కెరను లోపల పోగేసుకుంటుంది. రెండు గ్లూకోజ్ అణువులు జతకూడితే ట్రెహలోజ్. కణత్వచాన్నీ ప్రొటీన్లనూ చెదరకుండా పట్టి ఉంచేది ఇదే. ఎండబెట్టినా, గడ్డకట్టించినా యీస్ట్ తట్టుకోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. మళ్లీ చక్కెర తగిలిందంటే కణం ఈ నిల్వను కొద్దిసేపట్లోనే కరిగించుకుంటుంది. అందుకే గడ్డకట్టించే ముందు "బలానికి" ఒక చెంచా చక్కెర వేయడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు.

మేత తయారుచేయడానికి 50 గ్రాముల బంగాళదుంప చెక్కు తీసి ముక్కలు చేసి నీళ్లలో ఉడికించండి. నీళ్లు వడకట్టి, 5 గ్రాముల గ్లూకోజ్ పొడి కలిపి, మొత్తం 250 మిల్లీలీటర్లు అయ్యేలా మరికొన్ని నీళ్లు పోయండి. గ్లూకోజ్ లేకపోతే మామూలు చక్కెరైనా ఫర్వాలేదు. దాన్ని విడగొట్టుకునే ఎంజైమ్ యీస్ట్ దగ్గరే ఉంది. ల్యాబ్‌లో ఉన్నవారు వైపీడీ వాడతారు: 1 శాతం యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం పెప్టోన్, 2 శాతం డెక్స్‌ట్రోజ్.

ఈ ద్రవాన్ని గాజు సీసాలో మూడొంతుల వరకే పోసి, మూత వదులుగా పెట్టి ప్రెషర్ కుక్కర్లో ఉంచండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచాలి. ఆవిరిని బలవంతంగా వదలొద్దు, దానంతట అదే తగ్గనివ్వాలి. లేకపోతే సీసాలోది పొంగి బయటికి వస్తుంది. ల్యాబ్‌లో ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర చేసే పనే ఇంట్లో కుక్కర్ చేస్తుంది.

సీసా పూర్తిగా చల్లారాక శనగగింజంత ఫ్రెష్ యీస్ట్‌ను శుభ్రమైన చెంచాతో వేయండి. మూత బిగించొద్దు. లోపల పుట్టే కార్బన్ డయాక్సైడ్‌కు దారి లేకపోతే సీసా పగులుతుంది. 28-30 డిగ్రీల వేడి చాలు. మే నెలలో వరండాలో వదిలేయకుండా ఇంట్లో చల్లటి మూల చూడండి. గుర్తొచ్చినప్పుడల్లా సీసాను తిప్పుతూ ఉంటే గాలి అంది కణాలు దిట్టంగా తయారవుతాయి. రెండు రోజులయ్యేసరికి నురగ అణగిపోతుంది. అప్పుడు ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లటి మడ్డి అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. మనకు కావాల్సింది మడ్డి. బ్రెడ్డు వాసన కాకుండా కుళ్లు కంపు వచ్చినా, పైన గులాబీ రంగు పొరో బూజో కనిపించినా సీసా మొత్తం పారబోయాల్సిందే. చెడిన దాన్ని దాచితే చెడే నిలవుంటుంది.

గ్లిసరిన్ ఎందుకు, ఎంత?

1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యకణాలను గడ్డకట్టించి బతికించే మార్గం వెతుకుతున్నారు. ఫ్రక్టోజ్ అని రాసి ఉన్న ఒక సీసాలోని ద్రవంతో కణాలు బాగా బతికాయి. మళ్లీ కొత్తగా ఫ్రక్టోజ్ కలిపి చూస్తే ఆ ఫలితం రాలేదు. సీసాలో ఉన్నది పరీక్షిస్తే గ్లిసరాల్, గుడ్డు తెల్లసొన ప్రొటీన్ కలిసిన ద్రవమని తేలింది. లేబుల్ మారిపోయింది! గడ్డకట్టించి దాచే శాస్త్రంలో పెద్ద మలుపు అలా వచ్చింది. మీరు యీస్ట్ దాచే ట్యూబుల మీద లేబుల్ రాసేటప్పుడు మాత్రం ఆ ముగ్గురి అదృష్టాన్ని నమ్ముకోవద్దు.

మందుల షాపులో గ్లిసరిన్ పేరుతో అమ్మేది ఈ గ్లిసరాలే. ఇది నీటితో కలిసిపోయి కణంలోకి మెల్లగా చొరబడుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా కట్టే మంచు పరిమాణం తగ్గుతుంది. గడ్డకట్టకుండా మిగిలే ద్రవం పెరుగుతుంది కాబట్టి ఉప్పులు అంతగా చిక్కబడవు. కొనేటప్పుడు ఐపీ అని రాసి ఉన్న స్వచ్ఛమైన గ్లిసరిన్ అడగండి. పన్నీరు, సువాసనలు కలిపి చర్మానికి రాసుకోవడానికి అమ్మేది పనికిరాదు.

ట్యూబులో చివరికి 20 శాతం గ్లిసరిన్ ఉండాలి. 15 నుంచి 25 మధ్య ఎంతున్నా నడుస్తుంది కానీ 20 గుర్తుంచుకోవడం తేలిక. అందుకు ముందుగా 40 శాతం ద్రావణం చేసుకోవాలి. గ్లిసరిన్ జిగటగా గిన్నెకు అంటుకుపోతుంది కాబట్టి కొలవడం కంటే తూయడం మేలు. 40 మిల్లీలీటర్లు 50 గ్రాములు తూగుతుంది. 50 గ్రాములు తూచి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా డిస్టిల్డ్ వాటర్ పోసి బాగా కలిపి, ఇదీ కుక్కర్లో 20 నిమిషాలు ఉడికించి చల్లార్చండి. స్క్రూ మూతలున్న చిన్న ట్యూబులను కూడా మూత వదులు చేసి అదే కుక్కర్లో పెట్టొచ్చు. అవి పాలీప్రొపిలీన్‌వి అయి ఉండాలి. పారదర్శకంగా పెళుసుగా ఉండే చవక ప్లాస్టిక్ ఆ వేడికి వంకర్లు పోతుంది.

సీసాలోంచి పైతేటను మెల్లగా వంచేయండి. కొంచెం తేట మిగిల్చి దాంతో మడ్డిని కలిపితే పల్చటి పాలమీగడలాంటి ద్రవం వస్తుంది. సూది లేని కొత్త సిరంజితో 5 మిల్లీలీటర్లు తీసుకుని, అందులోకి 5 మిల్లీలీటర్ల గ్లిసరిన్ ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా, కదుపుతూ కలపండి. ఒక్కసారే గుమ్మరిస్తే గ్లిసరిన్ లోపలికి చేరేలోపే కణంలోని నీళ్లు బయటికి పోయి కణం ముడుచుకుపోతుంది. తర్వాత ఒక్కో ట్యూబులో ఒక్కో మిల్లీలీటరు నింపుకోండి. ఒకే పెద్ద సీసాలో దాచితే కాస్త కావాల్సిన ప్రతిసారీ అంతా కరిగించాలి, ప్రతి కరుగుడుకూ కొన్ని కణాలు పోతాయి. ట్యూబులో పై పావు వంతు ఖాళీ ఉండాలి. నీరు మంచైతే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది.

ట్యూబు మీద యీస్ట్ పేరు, తేదీ రాసి పైన పారదర్శక టేపు అంటించండి. స్పిరిట్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది.

దిగడం నిదానంగా

ట్యూబులను ముందు అరగంటైనా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. గ్లిసరిన్ కణాల్లోకి చేరేది ఈ సమయంలోనే. రాత్రంతా ఉన్నా నష్టమేమీ లేదు. తర్వాత మందపాటి గోడలున్న చిన్న థర్మోకోల్ పెట్టెలో నిలబెట్టి, మూత పెట్టి, పెట్టెతో సహా ఫ్రీజర్లో ఉంచండి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్న ల్యాబుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నింపిన ప్రత్యేక పాత్రలో పెడతారు. అది ట్యూబును నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున దించుతుంది. థర్మోకోల్ పెట్టె అంత కచ్చితంగా పనిచేయదు కానీ ఇంటి అవసరానికి చాలు.

ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. ఫ్రీజర్ తలుపు అర వద్దు, లోపలి మూల మంచిది. మంచు పేరుకోని ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లో మరో చిక్కుంది. పేరుకున్న మంచును వదిలించడానికి అది మధ్యమధ్యలో తనను తాను కాస్త వేడిచేసుకుంటుంది. మనకు హాయే, ట్యూబుకు మాత్రం ఆ హెచ్చుతగ్గులు హాని. థర్మోకోల్ పెట్టె ఇక్కడా అక్కరకొస్తుంది. ట్యూబులు పూర్తిగా గడ్డకట్టాక, మర్నాడు, వాటి చుట్టూ గడ్డకట్టిన ఉప్పునీటి సీసాలు పేర్చండి. లీటరు నీళ్లకు 100 గ్రాముల ఉప్పు వేసి, చిన్న సీసాల్లో మూడొంతులు నింపి ముందురోజే ఫ్రీజర్లో పెడితే సరిపోతుంది. మామూలు మంచు సున్నా దగ్గర కరిగితే ఇది అంతకంటే చల్లగా ఉండగానే కరుగుతూ చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. ఎండాకాలం కరెంటు పోయిన మధ్యాహ్నాలను ట్యూబులు దాటేది దీని పుణ్యాన్నే.

ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. అక్కడ మన ట్యూబులోని ద్రవమంతా రాయిలా గడ్డకట్టదు. మంచు పలుకుల మధ్య చిక్కటి గ్లిసరిన్ ద్రవం మిగిలే ఉంటుంది, రసాయన చర్యలు మెల్లగా నడుస్తూనే ఉంటాయి. అందుకే ఇంట్లో దాచిన దాన్ని నెలల లెక్కన చూసుకోవాలి, ఏడాది దాటితే నమ్మకం పెట్టుకోవద్దు. మైనస్ 80లో ఏళ్లు ఆగుతుంది. కల్లు నుంచి వేరుచేసిన యీస్ట్ లాంటి విలువైన దానికి ఇంటి ఫ్రీజర్ ఒక్కటే దిక్కు కాకూడదు. కాలేజీలో మైనస్ 80 ఫ్రీజర్ ఉంటే నాలుగు ట్యూబులు అక్కడా పెట్టించండి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం వంటి జాతీయ భాండాగారాలు ఉన్నదే ఇలాంటి సూక్ష్మజీవులను దాచడానికి.

ఎక్కడం వేగంగా

గడ్డకట్టించేటప్పుడు నిదానం, కరిగించేటప్పుడు వేగం. మెల్లగా కరుగుతుంటే చిన్న మంచు పలుకులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి, అప్పటిదాకా బతికిన కణాలను అవే దెబ్బతీస్తాయి. ట్యూబును బల్ల మీద వదిలేయకుండా, చేతికి గోరువెచ్చగా తగిలే 35 డిగ్రీల నీళ్లలో మూత మునగకుండా పట్టుకుని తిప్పండి. ఒకటి రెండు నిమిషాల్లో కరుగుతుంది. చిన్న మంచు ముక్క మిగిలి ఉండగానే తీసేసి, ట్యూబు బయట స్పిరిట్‌తో తుడిచి మూత తెరవండి. స్పిరిట్ ఆరేదాకా పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు.

లేచిన యీస్ట్‌ను నేరుగా పిండిలో కలపడం వద్దు. గ్లిసరిన్ నిండిన కణం ఒక్కసారిగా పల్చటి ద్రవంలో పడితే నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. ముందు ట్యూబులోకే కొన్ని చుక్కల బంగాళదుంప మేత వేసి, ఐదు నిమిషాలాగి ఇంకొంచెం వేసి, ఆ తర్వాత 50 మిల్లీలీటర్ల మేతలోకి మార్చండి. పొంగు మామూలుకంటే ఆలస్యంగా వస్తుంది. కణాలు ముందు తమ పొరలను బాగుచేసుకుని ఆ తర్వాతే పెరుగుదల మొదలుపెడతాయి. ఒక రోజంతా ఏమీ కనిపించకపోయినా పారబోయొద్దు, రెండో రోజు చూడండి. కరిగించిన ట్యూబును మాత్రం మళ్లీ ఫ్రీజర్లో పెట్టకూడదు. ల్యాబ్‌లో అయితే ట్యూబును కరిగించకుండానే పైన కాస్త గీకి ప్లేటు మీద రాసి, వెంటనే లోపల పెట్టేస్తారు.

బతికినవెన్ని?

మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే మిథిలీన్ బ్లూ అనే రంగు కొద్దిగా తెచ్చుకోండి. 0.01 శాతం ద్రావణాన్ని యీస్ట్‌తో సమానంగా కలిపి, ఐదు నిమిషాలాగి 400 రెట్ల పెద్దదిగా చూస్తే చచ్చిన కణాలు నీలంగా, బతికినవి రంగు లేకుండా కనిపిస్తాయి. బతికిన కణం ఆ రంగును లోపల విరిచేయగలదు, చచ్చినది విరవలేదు. కనీసం 200 కణాలైనా లెక్కపెట్టి నూటికి ఎన్నో చూసుకోండి. రంగు పట్టని ప్రతి కణమూ పిలకలు వేస్తుందన్న హామీ లేదు. బతికినవి 90 శాతం కంటే తక్కువగా తేలినప్పుడు ఈ లెక్కను నమ్మకుండా ప్లేటు మీద పెంచి కాలనీలు లెక్కించడమే సరైన పద్ధతి. ఇంట్లో అయితే రెండు గ్లాసుల గోరువెచ్చటి చక్కెర నీళ్లు చాలు. ఒకదాంట్లో కొత్త యీస్ట్, రెండోదాంట్లో ఫ్రీజర్ మడ్డి అంతే మోతాదులో వేసి నురగ చూడండి. ఇది అంకెలు చెప్పదు కానీ ఉందో పోయిందో చెబుతుంది.

పిండినే ఫ్రీజ్ చేయాలంటే

యీస్ట్‌ను కాక, యీస్ట్ కలిపిన పిండిముద్దనే దాచాలనుకునేవారికి లెక్క కాస్త మారుతుంది. ఇక్కడ గ్లిసరిన్ లేదు, కణాలకు మేత చుట్టూ ఉంది. పులవడం మొదలైన కొద్దీ ట్రెహలోజ్ కరిగిపోతుంది కాబట్టి పిండి కలిపిన వెంటనే, పొంగకముందే ఫ్రీజర్లో పెట్టాలి. చల్లటి నీళ్లతో కలిపితే ఇంకా మంచిది. కొన్ని కణాలు ఎలాగూ పోతాయి కనుక మామూలుగా వేసే యీస్ట్‌కు సగం అదనంగా వేయండి. చచ్చిన కణాల్లోంచి కారే గ్లూటాథియోన్ మైదాలోని గ్లూటెన్‌ను వదులు చేస్తుంది. పాత ఫ్రోజెన్ పిండి జావగా సాగిలపడటానికి ఇదొక కారణం.

ఫ్రోజెన్ పిండి పెద్ద వ్యాపారం కావడంతో యీస్ట్‌నే మార్చే ప్రయత్నాలూ జరిగాయి. జపాన్‌లో హిరోషి తకాగి బృందం ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా పోగేసుకునే యీస్ట్‌లను తయారుచేసింది. అవి గడ్డకట్టడాన్ని బాగా తట్టుకున్నాయి. కణత్వచంలో నీరు వెళ్లే దారులుగా ఉండే ఆక్వాపోరిన్లను పెంచినా అలాగే జరిగిందని బెల్జియం పరిశోధకులు 2002లో ప్రచురించారు. లోపలి నీళ్లు త్వరగా బయటపడితే లోపల మంచు కట్టే అవకాశం తగ్గుతుంది.

పిండిని ముద్దగా కాక అంగుళం మందం బిళ్లలుగా ఒత్తి, ప్లాస్టిక్ కవరులో గాలి తీసి చుట్టండి. రెండు మూడు వారాల్లో వాడేయండి. కరిగించేటప్పుడు మాత్రం ట్యూబుకు చెప్పినది తిరగబడుతుంది. వెచ్చటి చోట పెడితే పైపొర పులిసిపోతుండగా లోపల ఇంకా మంచే ఉంటుంది. అందుకే బేకింగుకు ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, పొద్దున బయట పెట్టి రెండింతలయ్యేదాకా పొంగనివ్వండి. మామూలు పిండికంటే ఒకటి రెండు గంటలు ఎక్కువే పడుతుంది.